నేపుల్స్ మ్యూజియంలోని ‘రహస్య గది’ చూడొచ్చా?

ఇటలీ వెళ్తున్నాం, నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ప్రాచీన శృంగార కళ ఉన్న ‘రహస్య గది’కి వెళ్తే ఇబ్బందిగా ఉంటుందా అని అడిగారు. టెన్షన్ పడకుండా వెళ్లండి.

అక్కడున్నవి ఎక్కువగా క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పూడ్చేసిన పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాల తవ్వకాల్లో దొరికినవే. గోడచిత్రాలు, దీపాలు, కంచు గంటలు ఉంటాయి. చాలావాటి మీద పురుషాంగం బొమ్మ కనిపిస్తుంది. రోమన్లకు అది కామానికి గుర్తు మాత్రమే కాదు, దిష్టి తగలకుండా కాపాడేది, అదృష్టం తెచ్చేది కూడా. అందుకే అలాంటి గంటల్ని ఇళ్ల దగ్గర, దుకాణాల దగ్గర నలుగురికీ కనబడేలా వేలాడదీసేవారు. ఇవన్నీ పడకగదిలో దాచుకున్న సరుకు కాదన్నమాట. ఇది తెలిసి చూస్తే నవ్వు కంటే కుతూహలమే ఎక్కువ కలుగుతుంది. సగం మేక రూపంలో ఉండే పాన్ దేవుడు ఆడమేకతో సంభోగిస్తున్న పాలరాతి శిల్పం మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది!

సిగ్గంతా తర్వాతి కాలానిది. 1819లో భార్యాకూతుళ్లతో వచ్చిన అక్కడి రాజవంశపు యువరాజు ఫ్రాన్సిస్ వీటిని చూసి గదికి తాళం వేయించాడు. మధ్యలో కొన్నిసార్లు తెరిచినా, 2000లో గానీ మామూలు సందర్శకులకు దారి దొరకలేదు. 14 ఏళ్లలోపు పిల్లలుంటే పెద్దవాళ్లు తోడుండాలి. మ్యూజియానికి సాధారణంగా మంగళవారం సెలవు.