వేసవి నెలను చూసి కిస్తీ పెట్టుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 41 ఏళ్లు. మావారు ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడు, జీతం 28 వేలు. నేను ఇంట్లో జాకెట్లు, లంగాలు కుట్టి నెలకు తొమ్మిది వేల దాకా సంపాదిస్తాను. పాత చీరలతో బొంతలు కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మూడేళ్లుగా చాలామంది తామే ముక్కలు అతికి తెచ్చి, దూది పొర, అడుగు గుడ్డ వేసి కుట్టి పూర్తి చేసి ఇవ్వమంటున్నారు. దసరా నుంచి సంక్రాంతి దాకా నెలకు ఎనిమిది, తొమ్మిది వస్తాయి. ఇద్దరు ఆడవాళ్లు సాయం చేసినా చేత్తో మూడే పూర్తవుతాయి, మిగతావి తిప్పి పంపుతున్నాను. వేసవిలో రెండు, మూడు మించి రావు. చేత్తో కుట్టిన డబుల్ బొంతకు 2,500 తీసుకుంటున్నాను. లాంగ్‌ఆర్మ్ యంత్రం కొంటే 1,800కే చేసి ఎక్కువ ఆర్డర్లు పట్టవచ్చని ఆలోచన. కంప్యూటర్ ఉన్న యంత్రం అన్నీ కలిపి 9 లక్షలు, చేత్తో నడిపేది నాలుగున్నర లక్షలు అంటున్నారు. పెద్దది కొనాలని ఉంది. అమ్మాయి చదువుకు దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీసి, బంగారం మీద 2 లక్షలు, బ్యాంకులో 4 లక్షలు తెద్దామనుకుంటున్నాను. పెద్ద ఫ్రేమ్ ఇంట్లో పట్టదు, 5 వేల అద్దెకు షట్టర్ చూశాను. ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. మీ ఇంట్లోవాళ్లు వద్దంటున్నది అప్పును చూసి కావచ్చు, కానీ మీ ఆలోచనలో బలం ఉంది. వచ్చిన పనిలో మూడింట రెండు వంతులు తిప్పి పంపుతున్నారంటే గిరాకీ ఊహ కాదు, ఇంటి గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోతోంది. అందుకే యంత్రం వద్దని చెప్పను. 9 లక్షల యంత్రం వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, బంగారం బయటికి తీయవద్దు అంటాను. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

యంత్రం గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మామూలు కుట్టుమిషన్‌లో గుడ్డను సూది కిందికి మనం తోస్తాం. లాంగ్‌ఆర్మ్‌లో బొంత ఫ్రేమ్ మీది రోలర్లకు బిగించి కదలకుండా ఉంటుంది, మిషన్ తలే పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతుంది. దాని మెడ పొడవు ఒకటిన్నర, రెండు అడుగులు ఉంటుంది కాబట్టి పెద్ద భాగాన్ని ఒకేసారి కుట్టవచ్చు. చేత్తో పదిహేను రోజులు పట్టేది అలవాటైన చేతికి ఒక పూటలో అవుతుంది. అమెరికాలో ఇది స్థిరపడిన వృత్తి. అక్కడ చదరపు అంగుళానికి రెండు, మూడు సెంట్ల లెక్కన తీసుకోవడం మామూలు.

ఇప్పుడు లెక్క. మీ 6 లక్షల అప్పు మొత్తాన్నీ 11 శాతం వడ్డీకి ఐదేళ్ల బ్యాంకు అప్పుగా వేస్తే నెల కిస్తీ 13,045. షట్టర్ అద్దె 5 వేలు. సర్వీసు, బీమా కోసం నెలకు 1,500 పక్కన పెట్టాలి. అంటే ఒక్క బొంత కూడా కుట్టకముందే నెలకు 19,500 ఖర్చు నిలబడి ఉంటుంది. 1,800లో దారం, సూదులు, కరెంటు, బిగించడానికి సాయం వచ్చే మనిషి కూలి కలిపి 300 పోతే మీకు మిగిలేది 1,500. ఖర్చులకు సరిపోవాలంటేనే నెలకు 13 బొంతలు కావాలి. మీ శ్రమకు రూపాయి కూడా రాకుండా! మీకు మంచి నెలలో వచ్చేవి తొమ్మిది. ఏప్రిల్, మే నెలల్లో రెండో మూడో. వరంగల్ ఎండల్లో బొంత ఎవరికి గుర్తొస్తుంది? కిస్తీ మాత్రం మే ఐదో తేదీన కూడా డిసెంబరు ఐదో తేదీన వచ్చినట్టే వస్తుంది. చలికాలం రద్దీ చూసి అప్పు చేసినవాళ్లు ఎండాకాలంలో చిక్కుకోవడం సీజన్ వ్యాపారాల్లో పదే పదే చూస్తున్నాను. మీ అప్పు ఎంత ఉండాలో తేల్చేది మీ అతి నీరసమైన నెల.

బంగారం విషయం వేరుగా చెప్పాలి. బంగారం అప్పు ఎక్కువగా ఏడాది గడువుది. యంత్రం తన ధర తాను తీర్చుకోవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఏడాదిలో తీర్చాల్సిన డబ్బుతో ఐదేళ్లలో తిరిగి వచ్చేది కొంటే, ఏటా వడ్డీ కట్టి తిరిగి రాయించుకుంటూ పోవాలి. ఒక్క ఏడాది తప్పినా నోటీసు వస్తుంది. అమ్మాయి డబ్బు గురించి ఎక్కువ చెప్పను. దాని గడువు కళాశాల చేతిలో ఉంది, మీ చేతిలో లేదు.

మరి నాలుగున్నర లక్షల యంత్రం? చేత్తో నడిపేదే అయినా, చేయి వేగంగా కదిలినా నెమ్మదిగా కదిలినా కుట్టు ఒకే పొడవున పడేలా చూసే స్టిచ్ రెగ్యులేటర్ ఉన్నది తీసుకోండి. దానికి రాజీ పడవద్దు. కంప్యూటర్ లేకపోయినా ఫ్రేమ్ వెనుక కాగితం మీద గీసిన డిజైన్‌ను లేజర్ చుక్కతో దిద్దుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కుట్టవచ్చు. పది అడుగుల ఫ్రేమ్ అయితే ఇంట్లో పడుతుందేమో టేపు పట్టి కొలవండి. ముందు, వెనుక మనిషి నడిచే చోటు కూడా లెక్కలో వేయండి. అప్పుడు షట్టర్ అద్దె ఉండదు.

స్టెబిలైజర్, విడిభాగాలు, మొదటి దారం నిల్వ కలిపి ప్రాజెక్టు 5 లక్షలు అనుకుందాం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ కింద మహిళలకు సబ్సిడీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. సొంత వాటా 5 శాతమే. మీకు హనుమకొండలో సబ్సిడీ 1.25 లక్షలు, మీరు పెట్టేది 25 వేలు. సబ్సిడీని బ్యాంకు మూడేళ్లు విడిగా డిపాజిట్‌లో ఉంచి తర్వాత అప్పులో జమ చేస్తుంది, ఆ భాగానికి వడ్డీ వేయదు. మీరు మోయాల్సిన అసలు భారం మూడున్నర లక్షలు, నెలకు దాదాపు 7,610. సర్వీసు, బీమా కలిపితే 9,100. ఈ పథకం కొత్త యూనిట్లకే, అప్పు మంజూరయ్యాకే యంత్రం కొనాలి. ముందే కొని తర్వాత దరఖాస్తు పెడితే చెల్లదు. దీన్ని 2025-26 వరకు అన్న గడువుతో కొనసాగించారు కాబట్టి, మీరు వెళ్లే రోజున దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. కాకపోతే ముద్రా పథకంలో కిశోర్ విభాగం ఉంది, 5 లక్షల వరకు తాకట్టు అడగరు. సబ్సిడీ మాత్రం ఉండదు. విశ్వకర్మ పథకంలో దర్జీలకు 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తీర్చాక 2 లక్షలు ఇస్తారు. వడ్డీ తక్కువే అయినా ఆ లక్షతో ఈ యంత్రం రాదు. పైగా గత ఐదేళ్లలో పీఎంఈజీపీ అప్పు తీసుకున్నవారికి అది దొరకదు. కాబట్టి ఏ దారో ముందే తేల్చుకోండి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు మీకు ఎప్పుడు కావాలో బ్యాంకులో అడగండి. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. యంత్రాన్ని మాత్రం మీరే దిగుమతి చేసుకోవద్దు, జీఎస్టీ ఉన్న డీలర్ కొటేషనే బ్యాంకుకు కావాలి. పాడైతే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు, హుక్ అసెంబ్లీ లాంటి భాగాలు దేశంలో నిల్వ ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. డిసెంబరులో యంత్రం మూడు వారాలు మూలపడితే ఆ ఏటి లాభం పోయినట్టే.

ఇక ధర. మీ ఉత్తరంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. చేత్తో చేసినదానికి 2,500 ఇస్తున్నవాళ్లకు మీరే ముందుకొచ్చి 1,800 ఎందుకు చెబుతున్నారు? వాళ్లు ధర చూసి వెనక్కి పోవడం లేదు, మీకు తీరిక లేక పోతున్నారు. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు బొంత 9,000 చదరపు అంగుళాలు. 20 పైసల చొప్పున మీరన్న 1,800. 25 పైసలు వేస్తే 2,250. అప్పుడు ఒక్కో బొంతకు 1,950 మిగులుతుంది, నెలకు 5 బొంతలతో ఖర్చులు తీరతాయి. తొమ్మిది వచ్చిన నెలలో కిస్తీ పోను ఎనిమిది వేలకు పైగా మీ చేతిలో ఉంటుంది, జాకెట్ల సంపాదన అలాగే ఉంటుంది. చేతికుట్టు కావాలన్నవారికి ఇకపై 2,500 కాదు, ఇంకా ఎక్కువ చెప్పండి. పదిహేను రోజుల పని అది.

కొలత లెక్కన ధర చెప్పడంలో ఇంకో మేలు ఉంది. ఇప్పుడు మీరు ఉచితంగా చేస్తున్న పనులు బయటపడతాయి. బొంతను ఫ్రేమ్‌కు ఎక్కించే ముందు ఏం జరుగుతుందో చూడండి. అడుగు గుడ్డ పై గుడ్డకంటే నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే బిగించడానికి పట్టు దొరకదు. తెచ్చినవాళ్లలో సగం మంది సరిగ్గా పై గుడ్డ అంతే తెస్తారు. మీరు ముక్క అతకాలి. వేలాడే దారాలు కత్తిరించాలి, ఇస్త్రీ చేయాలి. చుట్టూ వేసిన అంచు నడిమికంటే పొడుగైతే బొంతను పరిచినప్పుడు అలల్లా లేస్తుంది. దాన్ని సర్దకపోతే యంత్రం మడతలు పెట్టి కుట్టేస్తుంది. ఇదంతా గంట, రెండు గంటల పని. దీనికి వేరే ధర, అంచు పట్టీ వేయడానికి వేరే ధర రాసి గోడకు పెట్టండి. చంటిపిల్లల బొంత 40 అంగుళాలకు 45 అంటే 1,800 చదరపు అంగుళాలు, 25 పైసల లెక్కన 450 రూపాయలే. కానీ బిగించడానికి పట్టే సమయం పెద్దదానికి పట్టినంతే. అందుకే కనీస ధర 700 పెట్టండి.

దూది సంగతి కూడా వినియోగదారులతో ఇప్పుడే మాట్లాడండి. మన దగ్గర పత్తికి కొదవ లేదు, ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉంది. కానీ దూదేకి తెచ్చిన విడి దూది రోలర్ల మీద నిలవదు, జారి ఒకచోట గుట్ట పడుతుంది. పొరగా నొక్కిన షీటు కావాలి. దాని ధర వినగానే కొందరు ఆగిపోవచ్చు. ఎందరు ఆగుతారో యంత్రం కొనకముందే తెలియాలి. దూది లేకుండా నూలు చీరల మడతలే పేర్చి కుట్టే మన పాత పద్ధతి బొంతలకు ఈ బెడద లేదు.

మనుషుల జ్ఞాపకాలు మీ చేతికి వస్తున్నాయని మరవకండి. చనిపోయిన తల్లి చీర చిరిగితే దాని విలువ మీరు కట్టలేరు. తీసుకునేటప్పుడే గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడండి, మడతల దగ్గర మెల్లగా లాగి చూడండి. పాత పట్టు మడత వెంబడే పగులుతుంది, జరీ సూదిని విరుస్తుంది. బలహీనంగా ఉన్న చోట్లను ఫోటో తీసి, చీటీలో రాసి, వారి సంతకం తీసుకోండి. అనుమానం ఉన్నది చేతికుట్టుకే తీసుకోండి, లేదా వద్దనండి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ దసరాకు యంత్రం కొనవద్దు. వచ్చిన ప్రతి ఆర్డరునూ 25 పైసల ధరకు, సగం అడ్వాన్సుతో తీసుకోండి. మీరు చేయలేనివి హైదరాబాద్‌లో కంప్యూటర్ క్విల్టింగ్ జాబ్ వర్క్ చేసేవారికి, చీర యజమాని ఒప్పుకుంటేనే, పంపి కుట్టించండి. లాభం తక్కువే ఉంటుంది, కానీ కొత్త ధరకు ఎందరు నిలుస్తారో తేలుతుంది. ఒక పుస్తకంలో తేదీ, కొలత, ధర, వెనక్కి పోయినవారు ఎందుకు పోయారు అన్నది రాయండి. బ్యాంకు మేనేజరుకు మీ మాటకంటే ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది. సంక్రాంతి లోపల మొత్తం ఆర్డర్లు ముప్పై దాటితే చిన్న యంత్రానికి దరఖాస్తు పెట్టండి. జూలై, ఆగస్టుల్లో యంత్రం దిగేలా చూసుకుంటే చలికి ముందు మీ పాత చీరల మీద చేయి అలవాటవుతుంది. కిస్తీలకు మొదటి ఆరు నెలలు విరామం అడగండి.

వేసవి కోసం రెండు ఏర్పాట్లు. మొదటిది, చలికాలం రాబడిలోంచి నాలుగు కిస్తీలు, అంటే దాదాపు 30,500, వేరే ఖాతాలో వేసి మార్చి నుంచి జూన్ దాకా అందులోంచే కట్టండి. రెండోది, అమెరికాలో బడులకు సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. వరంగల్, కరీంనగర్ కుటుంబాల పిల్లలు అప్పుడే ఇళ్లకు వస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంత సూట్‌కేసులో పెట్టుకోవాలంటే ఆర్డరు ఏప్రిల్, మే నెలల్లోనే మీ చేతికి రావాలి. ఇక్కడున్న పెద్దవాళ్లకు ఉగాది నాటికే ఈ మాట చేరవేయండి.

ఆ ముప్పై రాకపోతే, ఈ ఏడాది వచ్చిన అడ్వాన్సులతో మూడో మనిషిని చేతికుట్టుకు పెట్టుకుని, మళ్లీ వచ్చే సంక్రాంతికి పుస్తకం తెరిచి చూడండి. ఎఫ్‌డీ, బంగారం అప్పటికీ ఇంట్లోనే ఉంటాయి.