పెరటి పండ్లతో జామ్ గట్టిపడాలంటే, రసం పులవకుండా ఉండాలంటే

చెట్టు మీదివన్నీ ఒకేసారి పండిపోతున్నాయని, జామ్ చేస్తే పాకంలా జారిపోతోందని, రసం తీసి పెడితే రెండు రోజులకే పులుస్తోందని అడిగారు. నేను ఏటా మా పెరటి జామ, మామిడి, ద్రాక్షతో ఇవి చేస్తుంటాను, అందులో తెలిసిందే రాస్తున్నా.

జామ్ జారుగా ఉందనగానే చాలామంది ఇంకాస్త చక్కెర పోస్తారు, లేదంటే ఇంకో అరగంట మరిగిస్తారు. అసలు సంగతి వేరే ఉందండి. దాన్ని గట్టిపరిచేది పండులో సహజంగా ఉండే పెక్టిన్ అనే పదార్థం, దానికి సరిపడా పులుపు, చక్కెర రెండూ తోడవ్వాలి. పండు మగ్గేకొద్దీ ఆ పెక్టిన్ తగ్గిపోతుంది, మరీ ఎక్కువసేపు మరిగించినా దెబ్బతింటుంది. అందుకే బాగా మెత్తబడ్డ పండ్లన్నీ ఏరి జామ్‌కు పెట్టుకోవడం సరైన పద్ధతి కాదు. సొంత చెట్టు ఉంటే కాయను మనకు కావలసిన దశలో కోసుకోవచ్చు కదా, నేను మూడు వంతులు పండినవి, ఒక వంతు దోరవి తీసుకుంటాను. వాసనా రుచీ పండినవి ఇస్తాయి, గట్టిదనం దోరవి ఇస్తాయి.

జామ, యాపిల్, నిమ్మజాతి పండ్లలో పెక్టిన్ బాగా ఉంటుంది. అనాస, స్ట్రాబెర్రీ, బాగా పండిన మామిడి లాంటి వాటిలో తక్కువ. వాటితో చేసేటప్పుడు దోర జామకాయ గుజ్జు కొంచెం కలపండి, లేదా నిమ్మగింజలు పలుచని గుడ్డలో మూటకట్టి ఉడుకుతున్నప్పుడు వేసి తర్వాత తీసేయండి. బొప్పాయికి పులుపే ఉండదు, నిమ్మరసం లేకుండా దాని జామ్ జోలికి వెళ్లొద్దు.

ముందు పండు ముక్కలు మెత్తగా ఉడికాకే చక్కెర వేయాలి, ముందే వేస్తే తొక్కలు బిరుసెక్కుతాయి. కిలో గుజ్జుకు నేను 750 గ్రాముల చక్కెర వేస్తాను. తీపి తగ్గించుకోవచ్చు, కానీ నిలవ ఉండేది ఆ చక్కెర వల్లే, కాబట్టి తగ్గిస్తే కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. గిన్నె స్టీలుదై, అడుగు మందంగా, వెడల్పుగా ఉండాలి, అల్యూమినియం వద్దు, పులుపుకు అది రసాయన చర్య జరుపుతుంది. ఒకేసారి పెద్ద మొత్తం పెడితే నీరు ఇగరడానికి చాలాసేపు పట్టి రంగు నల్లబడుతుంది, అందుకే కిలో, రెండు కిలోలకు మించి పెట్టను. థర్మామీటర్ ఉంటే 104-105 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించండి (ఎత్తైన ప్రాంతాల్లో ఇంకాస్త తక్కువకే). లేకపోతే ఫ్రిజ్‌లో చల్లబెట్టిన ప్లేటు మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి, ముడత పడితే అయినట్టే. చూసేటప్పుడు మంట ఆపడం మర్చిపోకండి.

ఇక రసం. పులవడానికి కారణం తొక్క మీద సహజంగా ఉండే ఈస్ట్, ఎంత కడిగినా పూర్తిగా పోదు. వడకట్టిన రసాన్ని మరిగిపోనివ్వకుండా 85 డిగ్రీల వరకు వేడిచేసి కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, నీళ్లలో ఉడికించిన వేడి సీసాల్లో అంచు దాకా పోసి మూత బిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. ద్రాక్షరసమైతే వేడిచేసేముందు ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి, అడుగున గరుగ్గా పేరుకునే స్ఫటికాలు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు లవణానివే, పైరసం మెల్లగా వంచుకుంటే చాలు. పుచ్చ, బొప్పాయి రసాలు మాత్రం దాచొద్దు, పులుపు తక్కువ కాబట్టి అప్పటికప్పుడు తాగేయాల్సిందే.

దెబ్బతగిలిన చోటు కోసేసి మిగతాది వాడుకోవచ్చు. బూజు పట్టిన పండు మాత్రం ఎంత మంచి చెట్టుదైనా పారేయండి, కొన్ని బూజులు వదిలే విషం ఉడికించినా పోదు.

అన్నీ ఒకేసారి పండితే అదే రోజు జామ్ చేయాలని టెన్షన్ పడకండి. గుజ్జు తీసి, కిలో చొప్పున డబ్బాల్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, వీలున్నప్పుడు తీసి చేసుకోండి. గడ్డకట్టించాక పెక్టిన్ కాస్త తగ్గుతుంది కాబట్టి అప్పుడు నిమ్మరసం, దోర కాయల గుజ్జు ఇంకొంచెం ఎక్కువ వేయండి.