నాన్నగారి హోమ్ థియేటర్‌కు ఎన్ని వాట్లు కావాలి?

విదేశంలో ఉద్యోగంలో చేరి, జీతం కాస్త కుదురుకోగానే కొత్తవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "నాన్నగారు హోమ్ థియేటర్ కావాలంటున్నారు. వెయ్యి వాట్ల 7.1 తీసుకోమంటారా, 5.1 సరిపోతుందా? ఇక్కడ కొని తీసుకెళ్లడం మేలా, అక్కడే కొనిపించడం మేలా?" ఈ ప్రశ్నలో వాట్లు ఉన్నాయి, ఛానళ్లు (విడివిడిగా శబ్దం వచ్చే దారులు, 7.1, 5.1 అన్నవి వాటి లెక్కే) ఉన్నాయి, నాన్నగారు మాత్రం ఎక్కడా కనిపించరు. ఆయన రోజూ ఏం చూస్తారు, ఏ గదిలో కూర్చుంటారు, పక్కనున్న అమ్మ ఎంత సౌండు పెట్టనిస్తుంది అన్నవి తెలియకుండా మోడల్ పేరు చెప్పడం నా వల్ల కాదు.

కాబట్టి ముందు ఇంటికి ఫోన్ చేసి, "ఇప్పుడున్న టీవీతో ఇబ్బంది ఏమిటి?" అని అడగండి. చాలా ఇళ్ల నుంచి దాదాపు ఒకే జవాబు వస్తుంది: "మాటలు తెలియడం లేదు. వినపడేలా పెంచితే పాట రాగానే చెవులు పగిలిపోతున్నాయి." అంటే పెద్దవాళ్లు అడుగుతున్నది హోరు కాదు, మాట. అక్కడి నుంచి ఆలోచిస్తే సగం దుకాణం మీ జాబితాలోంచి దానంతటదే తప్పుకుంటుంది.

ఇప్పటి పలచటి టీవీల్లో స్పీకర్లకు చోటు లేదు. ఉన్న చిన్నవి కూడా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట నేరుగా మనిషి దగ్గరికి రాకుండా గోడకో బల్లకో తగిలి వస్తుంది. దీనికి వయసు తోడవుతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు పౌనఃపున్యాలనే దెబ్బతీస్తుంది. అచ్చుల బలమంతా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, చ, త, ప లాంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే శబ్దం చాలావరకు 2,000 హెర్ట్‌జ్‌కు పైన ఉంటుంది, అదీ సన్నగా. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ, "పాలు" అన్నారా "చాలు" అన్నారా తేలదు. వాల్యూమ్ పెంచితే హల్లులతో పాటు అచ్చులు, నేపథ్య సంగీతం, డప్పుల మోత కూడా పెరుగుతాయి. సన్నటి శబ్దాలు ఆ మోత కిందే ఉండిపోతాయి.

అందువల్ల పెద్దవాళ్లకు కొనేటప్పుడు నేను మొదట చూసేది సెంటర్ స్పీకరు. 5.1 అంటే ముందు మూడు, పక్కన లేదా వెనక రెండు, ఆ ".1" సబ్‌వూఫర్, అంటే బాస్ మోత కోసం విడిగా ఉండే స్పీకరు. సినిమాలో సంభాషణ చాలావరకు ముందున్న మూడింటిలో మధ్యదాని నుంచే వస్తుంది. ఆ స్పీకరు విడిగా ఉన్న సిస్టమ్‌లో దాని స్థాయిని మాత్రమే మూడు నాలుగు డెసిబెల్స్ పెంచుకోవచ్చు, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి ఒకే స్పీకరు పెట్టె) కొన్నా ఇదే లెక్క: 2.1 కన్నా 3.1 మేలు. ఆ అదనపు ఒకటి మధ్యలో మాటల కోసం పెట్టిన స్పీకరు. వార్తల్లాంటి స్టీరియో కార్యక్రమాలకు సెంటర్ ఏం చేస్తుందని అడగవచ్చు. డాల్బీ సరౌండ్ లాంటి మోడ్ వేస్తే, రెండు వైపులా సమానంగా ఉన్న మాటను ఆ పరికరమే పట్టి మధ్యకు పంపుతుంది. వాయిస్ లేదా డైలాగ్ అని పిలిచే మోడ్, పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పైకి తెచ్చే నైట్ మోడ్ ఉన్నాయా అన్నది కూడా కొనేముందే చూడండి. ఈ రెండు బటన్ల విలువ మరో నాలుగు స్పీకర్లకు ఉండదు.

ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడినా రెండోసారి అడుగుతున్నారంటే మాత్రం, స్పీకర్ల సంగతి పక్కన పెట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి. టీవీకి కలిపే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొందరికి ఎంత పెద్ద హోమ్ థియేటర్ కన్నా ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇక వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పీఎంపీఓ అని కనబడితే ఆ అంకెను చదవనక్కర్లేదు. క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవని శక్తిని, అన్ని స్పీకర్లకూ కలిపి, ఎవరికి తోచినట్టు వారు లెక్కేసిన అంకె అది. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల శక్తి, చూడండి. దాని పక్కనే టీహెచ్‌డీ (శబ్దం ఎంత వికృతమైందో చెప్పే కొలత) 10 శాతం అని సన్నగా ఉంటే, శబ్దం చెడిపోయేదాకా లాగి కొలిచారని అర్థం. 1 శాతం లోపు కొలిచిన 60 వాట్లు అలాంటి 100 వాట్లకు తీసిపోవు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల శక్తి కావాలి. మామూలు గదిలో మాటలు వినే స్థాయికి కొద్ది వాట్లు చాలు. స్పీకరు సున్నితత్వం (ఒక్క వాటుకు అది ఎంత శబ్దం ఇస్తుందన్న అంకె) 87 డెసిబెల్స్ బదులు 90 ఉంటే, ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేసిన ఫలితం అక్కడే దొరుకుతుంది. సేల్స్‌మన్ ఈ మాట చెప్పడు, అడిగితే కొంచెం ఇబ్బందిపడతాడు కూడా.

ఛానళ్ల సంఖ్య మీద ఎక్కువ మాటలు ఖర్చు చేయను. డాల్బీ అట్మాస్ 5.1.2లో చివరి రెండు పైనుంచి వినిపించే ఛానళ్లు. శబ్దాన్ని పైకప్పుకు కొట్టి కిందికి దించే స్పీకర్లకు పైకప్పు చదునుగా ఉండాలి, మరీ ఎత్తుగా ఉండకూడదు. అట్మాస్ అని ముద్ర ఉండి పైకి చూసే స్పీకర్లు లేకపోతే అది కేవలం ఊహింపజేసే ప్రయత్నం. సీరియళ్లు, వార్తలు, పాత సినిమాలు చూసే ఇంటికి దాని కోసం అదనంగా పెట్టడం నాకు దండగగానే తోస్తుంది.

సౌండ్‌బారా, రిసీవరూ (శబ్దాన్ని పెంచి స్పీకర్లన్నిటికీ పంచే ఆంప్లిఫయర్ పెట్టె) విడి స్పీకర్లా? ఇంట్లో తీగలు సర్దే ఓపిక ఎవరికీ లేకపోతే, సబ్‌వూఫర్‌తో వచ్చే 3.1 సౌండ్‌బార్ తీసుకుని ఊరుకోండి. నాన్నగారికి సంగీతం మీద నిజమైన ప్రేమ ఉంటే రిసీవరు, ఒక జత మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో మొదలుపెట్టి, తర్వాత సెంటర్, ఆ తర్వాత సబ్‌వూఫర్ చేర్చుకోవచ్చు. మంచి స్పీకర్లు దశాబ్దాలు పనిచేస్తాయి, పాతబడేది రిసీవరే. దాన్ని ఒక్కదాన్నీ మార్చుకుంటే సరిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక రకం ఉంది: ఒకే పెట్టెలో అన్నీ వచ్చేవి, తీగల కొసలకు ఆ కంపెనీకే పరిమితమైన ప్లగ్గులున్నవి. ఆంప్లిఫయర్ పోయిందంటే స్పీకర్లు కూడా పనికిరావు. మిక్సీ మోటారు కాలితే జార్లు కూడా పారేయడం లాంటిది అది. ఎంత చవకైనా వద్దు. వైర్‌లెస్ వెనక స్పీకర్లు అన్నవాటికి తీగ లేదనుకోకండి. సిగ్నల్ తీగ ఉండదంతే, ఎక్కువ వాటికి కరెంటు ప్లగ్గు కావాల్సిందే. సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఉందో లేదో వీడియో కాల్‌లో చూపించమనండి. టీవీ వెనక భాగం కూడా అప్పుడే చూపించమనండి.

అక్కడ మీరు వెతకవలసింది, ఒక హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కన ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అన్న అక్షరాలు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ దాని తర్వాతి మెరుగైన రూపం. ఒక్క తీగతో టీవీ శబ్దం స్పీకర్లకు వెళ్తుంది. దానితో పాటు సీఈసీ అనే సదుపాయం పనిచేస్తే టీవీ రిమోట్‌తోనే స్పీకర్ల వాల్యూమ్ మారుతుంది, టీవీ కట్టేస్తే అవీ ఆగిపోతాయి. సామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మెనూలో ఆ పేరు వెతికి ఆన్ చేయాలి. నా దృష్టిలో తల్లిదండ్రుల ఇంటికి ఇది ధ్వని నాణ్యతతో సమానమైన విషయం. మూడు రిమోట్లు కావలసిన సిస్టమ్ ఎంత బాగున్నా, కొద్ది రోజుల్లో మళ్లీ టీవీ స్పీకర్లతోనే చూడటం మొదలవుతుంది. ఆప్టికల్ తీగ శబ్దాన్ని మోస్తుంది కానీ రిమోట్ ఆజ్ఞలను మోయదు. కాబట్టి అది రెండో దారి మాత్రమే.

ఇప్పుడు అసలు ఎన్నారై సందేహం: ఇక్కడ కొని తీసుకెళ్లాలా? అమెరికా, కెనడాల్లో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. భారత్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. పరికరం వెనక, కరెంటు తీగ దూరేచోట ఉన్న చిన్న అక్షరాలు చదవండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని ఉంటే పిన్నులు మార్చే అడాప్టర్ చాలు. 120 అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టగానే కాలిపోవచ్చు. సౌండ్‌బార్ మీద 100–240 ఉన్నంత మాత్రాన దాని సబ్‌వూఫర్ మీదా అదే ఉంటుందని అనుకోవద్దు, విడిగా చదవాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి దించవచ్చు కానీ హెర్ట్‌జ్ మారదు. 60కి మాత్రమే చేసినవి 50 మీద ఎక్కువ వేడెక్కుతాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, దుబాయ్‌లలో ఉన్నవారికి ఈ వోల్టేజి బెడద దాదాపు లేదు. వారంటీ బెడద మాత్రం ఎక్కడున్నా ఉంటుంది, అది సాధారణంగా కొన్న దేశానికే చెల్లుతుంది. బ్లూరే ప్లేయర్‌తో కలిసి వచ్చే సెట్ అయితే ఇంకో చిక్కు: బ్లూరేలో అమెరికా ప్రాంతం ఏ, భారత్ ప్రాంతం సీ. 4కే డిస్కులకు ఈ హద్దు లేదు. వీటన్నిటినీ కూడి చూస్తే, రిసీవరు గానీ సబ్‌వూఫర్ గానీ ఉన్నదాన్ని తల్లిదండ్రులు ఉండేచోటే కొనమంటాను. డబ్బు మీరు పంపండి, బరువు సూట్‌కేసులో మోయకండి.

వాళ్లే మీ దగ్గరికి వచ్చి ఉంటున్నారనుకోండి. అద్దె అపార్ట్‌మెంట్‌లో, ముఖ్యంగా చెక్క నేలలున్న భవనాల్లో, సబ్‌వూఫర్ మోత కిందింటి వాళ్ల పైకప్పు దాకా పోతుంది. ఫిర్యాదు మీ పేరు మీదే వస్తుంది. అక్కడికి సబ్‌వూఫర్ లేని బార్ నయం.

సిస్టమ్ వచ్చాక అమర్చేది ఎవరైనా ఈ సంగతులు చెప్పండి. సెంటర్ స్పీకరును, సౌండ్‌బార్‌ను అరలోపలికి తోయకూడదు. అర అంచుకు తెచ్చి, కింద ఉంటే ముందు భాగం కొంచెం పైకి ఎత్తి, కూర్చున్న మనిషి చెవి వైపు చూసేలా పెట్టాలి. సబ్‌వూఫర్‌ను మూలకు నెడితే బాస్ బాగా ఎక్కువవుతుంది, మాట దాని కింద మునిగిపోతుంది. దానికో చిట్కా ఉంది. సబ్‌వూఫర్‌నే నాన్నగారు కూర్చునే కుర్చీలో పెట్టి, బాస్ ఎక్కువున్న పాట ఒకటి వేసి, గదిలో గోడ వెంట వంగి నడుస్తూ వినాలి. ఎక్కడ హోరు లేకుండా బిగువుగా వినిపిస్తే అక్కడ దాన్ని దింపాలి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. బండల నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది. దానికి మందమైన పరదాలు, ఒక తివాచీ చేసే మేలు ఖరీదైన స్పీకర్లు కూడా చేయలేవు. మైకుతో గదిని కొలిచే సదుపాయం ఉంటే మైకును కూర్చునే చోట చెవి ఎత్తులో ఉంచి కొలవాలి, ఆ తర్వాత సెంటర్‌ను చేత్తో కాస్త పెంచాలి. పెదవుల కదలికకు, మాటకు పొంతన తప్పితే ఆడియో డిలే అనే సెట్టింగు ఉంటుంది, అక్కడ సరిచేయాలి.

అన్నీ కుదిరాక టీవీ వెనక తీగలున్న భాగాన్ని, సౌండ్ అవుట్‌పుట్ మెనూ తెరను ఫొటో తీసి మీ ఫోనులో ఉంచుకోండి. ఏదో ఒక రోజు కరెంటు పోయి వచ్చాక "సౌండు రావడం లేదు" అని ఫోన్ వస్తుంది. అప్పుడు మొదట చూడమనవలసింది ఆ మెనూనే. చాలాసార్లు అది టీవీ స్పీకర్లకు మారిపోయి ఉంటుంది.