అంతరిక్షంలోకి పంపిన తొలి జంతువులు చివరికి ఏమయ్యాయి? రష్యా కుక్క లైకాలాగే అన్నీ చనిపోయాయా?

అన్నీ చనిపోలేదు. కానీ ప్రాణాలతో తిరిగొచ్చినవాటి సంగతి కూడా మనం అనుకునేంత బాగా ఏమీ లేదు. నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది ఓ కార్ పార్కింగ్ పక్కన.

మేం అట్లాంటాలో ఉన్నప్పుడు ఓ శనివారం పాపని తీసుకుని అలబామాలోని హంట్స్‌విల్ రాకెట్ సెంటర్‌కి వెళ్లాం. మనుషుల్ని చంద్రుడి మీదకి పంపిన సాటర్న్ 5 రాకెట్ చూడాలని నేను గబగబా నడుస్తుంటే, లోపలికి వెళ్లకముందే పాప ఆగిపోయింది. "నాన్నా, రాయి మీద అరటిపండ్లు ఎందుకు పెట్టారు?" చూస్తే రెండు సమాధులు. ఒకదాని మీద రెండు అరటిపండ్లు, ఒకటి ఎండకి నల్లబడిపోయింది. అది మిస్ బేకర్ అనే ఆడకోతి సమాధి. పక్కది దాని జోడు బిగ్ జార్జ్‌ది.

బేకర్ స్క్విరెల్ మంకీ అనే చిన్న కోతి జాతిది. బరువు 300 గ్రాముల పైచిలుకు, అంటే మీ చేతిలోని ఫోన్ కంటే కాస్త ఎక్కువ, అంతే. దాన్ని కూర్చోబెట్టిన డబ్బా దాదాపు థర్మాస్ ఫ్లాస్క్ అంత. 1959 మే 28న ఏబుల్ అనే రీసస్ కోతితో కలిపి జూపిటర్ రాకెట్‌లో పంపారు. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి, పావుగంటలో అట్లాంటిక్‌లో పడ్డాయి. రెండూ బతికే ఉన్నాయి. పేపర్లలో ఫొటోలు, ప్రెస్‌మీట్, అంతా పండగే. నాలుగు రోజులకి ఏబుల్ ఒంట్లో పెట్టిన ఎలక్ట్రోడ్ (శరీరం ఎలా పనిచేస్తుందో కొలిచే తీగ) తీయడానికి మత్తిచ్చారు. ఆ మత్తు పడక చనిపోయింది. దాని చర్మాన్ని నింపి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టారు. బేకర్ మాత్రం 1984 దాకా బతికింది, స్కూలు పిల్లలు దానికి ఉత్తరాలు రాసేవాళ్లట. ఇద్దరూ ఎక్కింది ఒకే రాకెట్!

ఇక లైకా. మా స్కూల్లో "అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి జీవి?" అని బిట్టు వచ్చేది, జవాబు లైకా. నిజానికి 1947లోనే అమెరికా వాళ్లు పండ్ల ఈగల్ని పంపి ప్రాణాలతో దించారు. లైకా భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన మొదటి జీవి. మాస్కో వీధికుక్క. 1957 నవంబర్ 3న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ 2లో పంపేటప్పటికే అది తిరిగిరాదని అందరికీ తెలుసు, ఎందుకంటే దించే ఏర్పాటే లేదు. రష్యా విప్లవం 40వ వార్షికోత్సవానికి ముందే ఎగరాలని సోవియట్ నేత క్రుశ్చేవ్ పట్టుబట్టడంతో ఆ వాహనాన్ని నాలుగు వారాల్లోపే ముగించారు. ప్రయాణానికి ముందు యాజ్దోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త లైకాని ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు. నాకు ఈ ముక్క దగ్గర గొంతు పట్టేస్తుంది. కొన్ని రోజులు బతికి, నొప్పి లేకుండా పోయిందని ఏళ్ల తరబడి చెప్పారు. 2002లో అసలు విషయం బయటికొచ్చింది: లోపల వేడి పెరిగిపోయి కొన్ని గంటల్లోనే చనిపోయింది.

హామ్ అనే చింపాంజీ 1961 జనవరిలో వెళ్లి క్షేమంగా వచ్చింది. ఆ తర్వాత వాషింగ్టన్ జూలో దాదాపు 17 ఏళ్లు ఒంటరిగా ఉంచారు. చింపాంజీలు గుంపు లేకపోతే ఉండలేవు. 1980లో నార్త్ కరొలినా జూకి మార్చాక తోటివాళ్లు దొరికారు, కానీ 1983లోనే చనిపోయింది. ఫ్రాన్స్ వాళ్ల పిల్లి ఫెలిసెట్ మరీ ఘోరం. 1963లో బతికి వచ్చిన దాన్ని, మెదడు పరీక్షించడానికి కొన్ని నెలల్లోనే చంపేశారు.

అదృష్టం అంటే స్ట్రెల్కాది. 1960లో బెల్కాతో కలిసి కక్ష్యలో తిరిగొచ్చిన ఆ కుక్క తర్వాత పిల్లల్ని కూడా కన్నది. వాటిలో పుషింకాని క్రుశ్చేవ్ అప్పటి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఇంటికి పంపాడు. అక్కడ అదీ పిల్లల్ని కన్నది.

ఆ రోజు మా పాప తన స్నాక్ డబ్బాలోని అరటిపండు కూడా అక్కడ పెడతానంది. సరేనన్నాను. అట్లాంటాకి తిరుగు ప్రయాణం మూడు గంటలకి పైనే, దారంతా "ఆకలి" అని గోల. మీరు హంట్స్‌విల్ వెళ్తే సమాధుల కోసం లోపల వెతక్కండి, టికెట్ కొనకముందే బయటే కనిపిస్తాయి. అరటిపండ్లు మాత్రం రెండు ఎక్కువ పట్టుకెళ్లండి.