వృద్ధుల డిప్రెషన్ స్కేలులో మార్కు ఎక్కువ వస్తే

హుషారుగా ఉన్న మీ అమ్మగారికి 15 ప్రశ్నల జి.డి.ఎస్. (వృద్ధుల డిప్రెషన్ స్కేలు)లో 6 ఎందుకు వచ్చిందని అడిగారు. ప్రతి "అవును"కూ మార్కు వేయడమే కారణమై ఉండవచ్చు.

1. సంతృప్తిని, ఉల్లాసాన్ని, శక్తిని అడిగే 1, 5, 7, 11, 13 ప్రశ్నలకు "కాదు" అన్నప్పుడే మార్కు వేయాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ ఐదింటికీ ఆవిడ "అవును" అని ఉంటే అసలు మార్కు 1 మాత్రమే.
2. మిగిలిన పదింటికి "అవును" అంటే మార్కు.
3. గడిచిన వారం గురించే అడగాలి.

ఈ స్కేలులో నిద్ర, ఆకలి ప్రశ్నలు లేకపోవడం లోపం కాదు. స్టాన్‌ఫర్డ్ మనోవైద్యుడు జెరోమ్ యెసావేజ్ బృందం 1980ల తొలినాళ్లలో 30 ప్రశ్నల మూలరూపాన్ని తయారుచేసినప్పుడు, వయసువల్లా ఇతర జబ్బులవల్లా కూడా వచ్చే అలాంటి శారీరక లక్షణాలను పక్కన పెట్టింది. నా దృష్టిలో ఆ స్కేలు బలమంతా అందులోనే ఉంది.

సరిచేశాక కూడా 5 దాటితే, దాన్ని వ్యాధి నిర్ధారణగా తీసుకోకుండా మనోవైద్యునికి చూపించండి.