మురుకుల పార్శిళ్లకి రవాణా ఖర్చు తగ్గాలంటే: చిత్తూరు నుంచి మా అనుభవం

తిరుపతిలో ఇంటి దగ్గరే మురుకులు, నిప్పట్లు చేయించి హైదరాబాద్ షాపులకు పంపుతున్నామని, మిగిలేదంతా ట్రాన్స్‌పోర్ట్‌కే పోతోందని, కిలోకి ఇంకాస్త తక్కువ తీసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమని మీరు అడిగారు. మాదీ అదే పనండీ, చిత్తూరులో. మొదటి రెండేళ్లు నేనూ తక్కువ రేటు కోసం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులన్నీ ఎక్కి దిగాను. బతిమాలితే కిలోకి అర్ధ రూపాయో, ముప్పావలానో తగ్గించేవాళ్లు. నెలాఖరుకి బిల్లు చూస్తే దాదాపు అంతే ఉండేది. కాబట్టి రేటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు టేపు తీసుకుని మీ అట్టపెట్టె కొలవండి.

అప్పట్లో మేము కిరాణా కొట్ల దగ్గర పాత అట్టపెట్టెలు కొని వాటిలోనే సర్దేవాళ్లం. పొడవు 60, వెడల్పు 45, ఎత్తు 40 సెంటీమీటర్లు. మురుకుల ప్యాకెట్లు పేర్చి, పైన మిగిలిన ఖాళీలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కేవాళ్లం. కాటా మీద పెడితే 9 కిలోలు తూగేది. బిల్లులో మాత్రం 22 కిలోలని ఉండేది. మోసం చేస్తున్నారని గొడవ కూడా పడ్డాను. బుకింగ్‌లో కూర్చునే పెద్దాయన ఎల్‌ఆర్ (లారీ రసీదు) వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో లెక్క వేసి చూపించాడు. మూడు కొలతలూ గుణిస్తే 1,08,000. దాన్ని 5000తో భాగిస్తే 21.6. అసలు తూకం, ఈ కొలత తూకం రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. లారీలో జాగా నిండిపోతే బరువు తక్కువున్నా వాళ్లు ఇంకో పెట్టె ఎక్కించలేరు కదా, అందుకే ఆ పద్ధతి. అందరూ 5000తోనే భాగించరు. కొందరు ఘనపు అడుగుకి ఇన్ని కిలోలని కడతారు. మీ బుకింగ్ ఆఫీసులో ఏ లెక్కో అడిగి రాసుకోండి.

కిలో 10 రూపాయలనుకుంటే ఆ పెట్టెకి 220. లోపలున్నది 9 కిలోలే కాబట్టి మురుకులకి కిలోకి 24 రూపాయల పైనే పడినట్టు. మనం 10 అనుకుని ధర కట్టుకుంటున్నాం. నష్టం అక్కడే.

ఆ రాత్రి మా ఆవిడా నేనూ ప్యాకెట్లన్నీ నేల మీద పరుచుకుని, రకరకాలుగా పేర్చి చూశాం. చివరికి 50, 40, 35 కొలతలతో పెట్టెలు ఆర్డరిచ్చి చేయించాం. కొత్త పెట్టె కదా, కాస్త ఖరీదే. కానీ దాని కొలత తూకం 14 కిలోలు. అందులో ఒట్టి మురుకులు పెడితే 6 కిలోలే పడతాయి, మళ్లీ నష్టమే. అందుకని అడుగున వేరుశనగ చిక్కీలు, నిప్పట్లు పేర్చి, పైన మురుకులు పెట్టడం మొదలుపెట్టాం. బరువైన సరుకు కిందుంటే మురుకులు నలగవు, మొత్తం 13 కిలోలు అవుతుంది. 140 రూపాయలకి 13 కిలోలు, అంటే కిలోకి 11 కూడా పడలేదు. రేటులో ఒక్క పైసా తగ్గకుండానే! ఇప్పుడు షాపులవాళ్లు ఒట్టి మురుకులే కావాలంటే, ఒకట్రెండు కిలోల చిక్కీ కూడా తీసుకోమని గట్టిగానే అడుగుతాం. చాలామంది ఒప్పుకుంటారు.

ఇక రేటు మాట్లాడేటప్పుడు కిలోకి ఎంత అని అడగొద్దు. ఎల్‌ఆర్ చార్జీ, హమాలీ, డీజిల్ సర్‌చార్జి, డోర్ డెలివరీ అన్నీ కలిపి ఈ పెట్టె ఫలానా షాపు గుమ్మం దగ్గర దించడానికి ఎంతవుతుందని అడగండి. ఒక ఎల్‌ఆర్‌కి కనీసం ఇన్ని కిలోల డబ్బు కట్టాలనే నియమం కూడా చాలాచోట్ల ఉంటుంది. రోజూ ఒక్కో పెట్టె పంపితే ఆ కనీసం చార్జీ ప్రతిసారీ పడుతుంది. మేము మంగళవారం, శుక్రవారం మాత్రమే పంపుతామని షాపులకి ముందే చెప్పేశాం. మొదట్లో సణిగారు, తర్వాత వాళ్లే ఆ రోజులకి తగ్గట్టు ఆర్డర్లు ఇస్తున్నారు. ఒకటి, రెండు పెట్టెలు మరీ అర్జెంటైతే ఆర్టీసీ కార్గోలో వేస్తాం.

చెన్నైకి పంపే ఆలోచన ఉంటే మీకు తిరుపతి కలిసొస్తుంది. చెన్నై నుంచి సరుకు తెచ్చి ఖాళీగా తిరిగి వెళ్లే బండ్లు అక్కడ దొరుకుతాయి. రిటర్న్ లోడ్ అంటే రేటు బాగా దిగుతారు. మా చిత్తూరులో జూన్, జూలైల్లో మాత్రం కష్టం. తోతాపురి మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీలకి తరలే రోజుల్లో బండి దొరకడమే గగనం. ఆ రెండు నెలల రేటు ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టుకుంటాం.

ఒక దెబ్బ గురించి కూడా చెప్పాలి. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. కార్తీక మాసంలో, మనవైపు తుపాను వానలు పట్టుకున్నప్పుడు, అప్పటి పాత పెద్ద పెట్టెలే 12 పంపాం. సరుకు విలువ 38 వేలు. మధ్యలో ఏదో గోడౌన్‌లో చిల్లుల టార్పాలిన్ కింద రెండు రోజులు పడున్నాయట. షాపుకి చేరేసరికి అట్టలు మెత్తబడి చేత్తో పట్టుకుంటే ఊడి వస్తున్నాయి. షాపులో కుర్రాడు చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఆ సంతకం చూపించి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు, సరుకు బాగున్నట్టే దించుకున్నారు కదా అని చేతులెత్తేశారు. మాకు ఒక్క రూపాయి రాలేదు.

తర్వాత ఆడిటర్ గారు చెప్తే తెలిసింది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుకింగ్‌లో ఎక్కువ రిస్క్ రేటు (నష్టం బాధ్యత కోసం కట్టే అదనపు కిరాయి) కడతామని రాయించకపోతే నష్టపరిహారం కట్టిన కిరాయికి పది రెట్లు మించదు. అంటే పెట్టెకి 220 చొప్పున మేము కట్టిన కిరాయి 2,640 కాబట్టి, మాకు అన్నీ సవ్యంగా ఉన్నా 26 వేల చిల్లర దాటేది కాదు. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. అప్పటి నుంచి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో సరుకు పాడైతే వచ్చే బీమా) తీసుకుంటున్నాం. పెట్టెలోపల మందపాటి పాలిథిన్ కవరు వేస్తున్నాం. షాపులవాళ్లకి ఒకటే మాట చెప్పాం: పెట్టె తడిసినా, నలిగినా ముందు ఫోటో తియ్యండి, కాగితం మీద ‘తడిసింది’ అని రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

కాగితాల విషయం క్లుప్తంగా. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు తరలించడానికి జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) తప్పనిసరి. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువిస్తారు, కాబట్టి హైదరాబాద్‌కి మూడు రోజులు. బండి మధ్యలో ఆగిపోతే గడువు చూసుకుని పొడిగించాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బిల్లులో పన్ను వేయనప్పుడు రివర్స్ చార్జి కింద 5 శాతం మీరే కట్టాల్సి రావచ్చు. అది మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.

ఇప్పుడు మీరు పంపే పెట్టె మూడు కొలతలు, కాటా తూకం, పోయిన నెల ఎల్‌ఆర్‌లో వేసిన తూకం, ఈ మూడూ ఇక్కడ రాయండి. కూర్చుని లెక్క కట్టి, మీకు ఏ సైజు పెట్టె సరిపోతుందో చెప్తాను. దసరా ఆర్డర్లు మొదలయ్యేలోపు పెట్టెలు చేయించుకుంటే ఈ సీజన్‌కే పనికొస్తాయి.