గూచ్ 20 ఏళ్లకే పెద్ద ఇంజినీర్ అయ్యాడు, నేను వెనకబడ్డానా?

ప్రశ్న: పాలిటెక్నిక్ మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నాను. రైలింజిన్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంగ్లండ్‌లో డేనియల్ గూచ్ 20 ఏళ్లకే గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజిన్లన్నిటికీ సూపరింటెండెంట్ అయ్యాడని చదివాను. వచ్చే నెల నాకూ 20 నిండుతాయి. ఇంకా ఏమీ సాధించలేదని టెన్షన్‌గా ఉంది. నేను ఆలస్యమైపోయానా?

జవాబు: లేదమ్మా, కాలేదు. మీరు చదివింది నిజమే. గూచ్ 1837 ఆగస్టు 18న ఆ ఉద్యోగంలో చేరాడు. 21 నిండడానికి అప్పటికింకా ఆరు రోజులుంది. అయితే ఆ తేదీకి ముందు ఆరేళ్ల పని ఉంది. మీరు చూడాల్సింది దాన్ని.

1831లో తండ్రి ఉద్యోగం కోసం కుటుంబం వేల్స్‌లోని ట్రెడెగార్‌కు వెళ్లింది. కుర్రాడు అక్కడి ఇనుప కర్మాగారంలోనే పని మొదలుపెట్టాడు. అచ్చులు కట్టడం, కరిగిన ఇనుము పోయడం దగ్గర నేర్చుకున్నాడు. 1833లో తండ్రి పోయాడు. తర్వాత రైలింజిన్లు తయారుచేసే వల్కన్ ఫౌండ్రీలో చేరితే ఆరోగ్యం దెబ్బతిని మానేయాల్సి వచ్చింది. డండీలో డ్రాయింగులు వేశాడు. న్యూకాజిల్‌లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ కార్ఖానాలో పట్టాల మధ్య దూరం ఎక్కువుండే లైన్ల కోసం ఇంజిన్ల డ్రాయింగులు వేశాడు. గేట్స్‌హెడ్‌లో భాగస్వామితో కలిసి ఇంజిన్ల కార్ఖానా పెట్టబోతే అది కుదరలేదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే చీఫ్ ఇంజినీరు బ్రూనెల్‌కు ఉద్యోగం కోసం ఉత్తరం రాసింది ఇవన్నీ అయ్యాకే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అతని అన్న అప్పటికే రైల్వే ఇంజినీరు, కుటుంబానికి ఇనుప పరిశ్రమ వాళ్లతో పరిచయాలున్నాయి. అదే పోత షాపులో చెమటోడ్చిన చాలామంది పిల్లలకు డ్రాయింగ్ ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. అందుకే అతని వయసును మీ వయసుతో పోల్చుకోవద్దంటున్నాను.

ఉద్యోగం వచ్చాకే అసలు పరీక్ష మొదలైంది. గూచ్ రాకముందే బ్రూనెల్ ఇంజిన్లకు ఆర్డరిచ్చేశాడు. బరువు పదిన్నర టన్నులు దాటకూడదు, పిస్టన్ (ఆవిరి నెడితే ముందుకూ వెనక్కూ కదిలి చక్రాన్ని తిప్పే భాగం) వేగం నిమిషానికి 280 అడుగులు మించకూడదు అని షరతులు పెట్టాడు. పిస్టన్ నెమ్మదిగా కదులుతూ బండి వేగంగా పోవాలంటే చక్రం పెద్దదవ్వాలి. కొన్నిటికి పదడుగుల చక్రాలు పెట్టారు. ఉన్న బరువంతా చక్రాలకే పోతే, ఆవిరి పుట్టించే బాయిలర్ చిన్నదవుతుంది, ఆవిరి చాలదు. 1838 జూన్‌లో లైను మొదలయ్యేసరికి నమ్మదగ్గది స్టీఫెన్‌సన్ కార్ఖానా నుంచి వచ్చిన 'నార్త్ స్టార్' ఒక్కటే అన్నట్టుండేది. మిగతావాటిని పొద్దున్నకల్లా నడిచేలా చేయడానికి గూచ్ షెడ్డులోనే రాత్రుళ్లు గడిపేవాడు. డైరెక్టర్లు అడిగితే ఆ ఇంజిన్ల లోపాలు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. దానికి బ్రూనెల్‌కు కోపం వచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసే నార్త్ స్టార్‌లో, వాడిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలే గొట్టాన్ని సరిచేశారు. ఇంజిన్‌లో మండించే కోక్ బొగ్గు ఖర్చు బాగా తగ్గింది.

ఆ రాత్రుల ఫలితమే 1840-42 మధ్య వచ్చిన 'ఫైర్‌ఫ్లై' రకం ఇంజిన్లు అని నేననుకుంటాను. మొత్తం 62 ఇంజిన్లను వేర్వేరు కంపెనీలు తయారు చేశాయి. అందరికీ గూచ్ ఒకే డ్రాయింగులు, రేకుతో కోసిన టెంప్లేట్లు (భాగాల కొలత సరిచూసుకునే నమూనాలు) పంపాడు. ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోవాలన్నది అతని పట్టుదల. అర్ధరాత్రి షెడ్డులో, సరిపోని భాగంతో కుస్తీ పట్టినవాడికి దాని విలువ వేరే చెప్పాలా!

ఇక మీ సంగతి. కోర్సులో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది కదా, దాన్ని సర్టిఫికెట్ కోసం గడిపేయకండి. కాజీపేట, విజయవాడ, గుత్తిలలో రైలింజిన్లు బాగుచేసే లోకో షెడ్లున్నాయి. అవకాశం ఉందేమో కాలేజీ ద్వారా అడిగించండి. దొరక్కపోతే ఫౌండ్రీ అయినా, మెషిన్ షాపైనా చేరండి. డిప్లొమాతో రైల్వేలో జూనియర్ ఇంజినీర్, అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలు రాయొచ్చు. ఈ రెండూ ఒకటి కావు. ఇంజిన్ నడపడం ఇష్టమా, విప్పి బాగుచేయడం ఇష్టమా, ముందు తేల్చుకోండి. మీ ఉత్తరం చూస్తే రెండోదే అనిపిస్తోంది.

గూచ్ ఇంజిన్ల కొలతలు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. మీరూ ఒకటి కొనండి. ట్రైనింగ్ మొదటి వారం అవగానే, మీ కళ్లముందు ఏ భాగం పాడైంది, ఎందుకు పాడైంది, బొమ్మ గీసి నాకు పంపండి.